మొక్కలకు మూత పెట్టాలా, వద్దా?

విశాఖపట్నం మధురవాడ నుంచి 61 ఏళ్ల గృహిణి ఒకరు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. భర్త స్టీల్‌ప్లాంటు మెయింటెనెన్స్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఒక్కతే కూతురు, పెళ్లయి ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉంటోంది. వీళ్ల అపార్ట్‌మెంట్ వెనక ఖాళీ స్థలం ఉంటే, అసోసియేషన్ వాళ్లు నిరుడు దాన్ని బాగుచేయించి, అడిగిన తొమ్మిది కుటుంబాలకు చీటీలు తీసి తలో మడి ఇచ్చారు. ఈవిడకు తూర్పున ప్రహరీ గోడ వారన ఉన్న మడి వచ్చింది.

ఇంచుమించు అప్పుడే అక్కడ కూతురికి కౌన్సిల్ (స్థానిక సంస్థ) వాళ్లు సాగుకు అద్దెకిచ్చే అలాట్‌మెంట్‌లో సగం ప్లాటు దొరికింది. అప్పటిదాకా "తిన్నావా, ఎలా ఉన్నావు" దగ్గరే ఆగిపోయే ఆదివారం వీడియో కాల్, మొక్కల పుణ్యమా అని గంట దాటడం మొదలైంది. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్ అడుగు కోసి మొక్క మీద బోర్లిస్తే పైసా ఖర్చులేని 'క్లోష్', అంటే లేత మొక్కను చలి నుంచి కాపాడే మూత, అవుతుందని, తన టమాటాలు, చిక్కుళ్లు అలాగే బతికాయని అమ్మాయి చెప్పింది. ఈవిడ వాచ్‌మన్ చేత బాటిళ్లు పోగుచేయించి, సెప్టెంబరులో నాటిన వంగ, టమాటా, మిరప మొక్కల మీద బిరడాలతో సహా బోర్లించారు. మూడో రోజుకు నారంతా ఉడికిన తోటకూరలా వాలిపోయింది.

రెండోసారి బిరడాలు తీసేస్తే మొక్కలు నిలబడ్డాయి. కానీ అక్టోబరులో వాయుగుండం పట్టిన రాత్రి బాటిళ్లన్నీ గాలికి లేచిపోయి, కొన్ని సెల్లార్ డ్రెయిన్ జాలీకి అడ్డుపడ్డాయి. తెల్లారేసరికి స్కూటర్ల చక్రాలు సగం మునిగేంత నీళ్లు. మొదటి అంతస్తులో ఉండే స్నేహితురాలు, రోజూ సాయంత్రం ఈవిడతో కలిసి నడిచే మనిషి, "వదినా" అని పిలుచుకునేంత చనువు ఉన్నావిడే అసోసియేషన్ సెక్రటరీ. ఆవిడ ఆ జాలీ ఫొటో వాట్సాప్ గ్రూపులో పెట్టి, "తోట పేరుతో చెత్త పోగేస్తే మడులు రద్దు చేయాల్సి వస్తుంది" అని రాశారు. పేరు రాయలేదు. రాయకపోయినా అందరికీ తెలుసు. ఆ రోజు నుంచి నడక ఆగిపోయింది. భర్తేమో "రైతుబజారులో దొరకని కూర ఏముందని ఈ టెన్షన్" అంటున్నారు. కూతురికి ఇవేవీ చెప్పలేక, వీడియో కాల్‌లో పక్క మడిలోని వంగ మొక్కల్ని తనవిగా చూపిస్తున్నారు. అమ్మాయి సంక్రాంతికి వస్తోంది. "బాటిళ్లు మానేయాలా, మడే వదిలేయాలా? వదినతో ఎలా మాట్లాడాలి? అమ్మాయికి ఏం చెప్పాలి? నా చెయ్యి మొక్కలకు అచ్చిరాదేమో" అని ముగించారు.

అమ్మా,

ముందు ఆ చివరి మాట తీసేద్దాం. మీ చేతిలో ఏ దోషమూ లేదు. మీ అమ్మాయి చెప్పినదీ తప్పు కాదు. లెస్టర్‌లో సరైన పనిని మీరు మధురవాడలో, సెప్టెంబరు ఎండలో చేశారు. అంతే జరిగింది.

ఇంగ్లండ్‌లో వసంతకాలంలో మొక్కకు పెద్ద శత్రువు చలి. మే నెల సగం దాటేదాకా ఏదో ఒక రాత్రి మంచు పట్టి లేత ఆకుల్ని మాడ్చేస్తుందనే భయం అక్కడ ఉంటుంది. పగటి ఎండ కూడా మెత్తగా ఉంటుంది. అలాంటి చోట బాటిల్ లోపల నాలుగైదు డిగ్రీల వేడి పెరిగితే మొక్కకు అది వరం. పైగా అక్కడ కౌన్సిళ్లు జనానికి సాగు ప్లాట్లు అద్దెకివ్వడం 1908 నాటి చట్టం కంటే ముందు నుంచీ ఉన్న అలవాటు. పూర్తి ప్లాటు అంటే పాత లెక్కలో పది రాడ్లు, మన లెక్కలో సుమారు 300 గజాలు. అంత నేలలో మొక్కమొక్కకీ గాజు మూత కొనాలంటే ఎవరి వల్ల అవుతుంది? అందుకే పారేసే బాటిళ్లతో, పాత కిటికీ అద్దాలతో చలికి అడ్డం పెట్టుకునే ఉపాయాలు అక్కడ తరాలుగా సాగుతున్నాయి. మీ అమ్మాయి ఆ చలిదేశపు తెలివిని మీకు ప్రేమగా పంపింది.

మన దగ్గర మంచు పట్టడం లంబసింగి వైపు వెళితే చూస్తాం గానీ విశాఖలో కాదు. ఇక్కడ బిరడా బిగించిన బాటిల్ కింద రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. లోపలికి వచ్చిన ఎండ వేడి బయటికి పోయే దారి ఉండదు. బయట 32 డిగ్రీలున్నా లోపల 45 దాటడానికి ఎంతో సేపు పట్టదు. ఇక ఆకు తనను తాను చల్లబరుచుకునేది నీటిని ఆవిరిగా వదిలిపెట్టి. లోపలి గాలి అప్పటికే తేమతో నిండిపోతే ఆ ఆవిరి ఎక్కడికి పోతుంది? బాటిల్ గోడల మీద నీటి చుక్కలు చూసి తడి బాగానే ఉందనుకున్నానని రాశారు. ఆ చుక్కలే మొక్కకు ఊపిరాడటం లేదని చెప్పిన గుర్తు.

మీ ఉత్తరంలో ఇంకో వివరం ఉంది, మీరు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. మీ మడికి తూర్పున గోడ. అంటే సముద్రపు ఉప్పుగాలి కొంత ఆగుతుంది, అది మంచిదే. కానీ మధ్యాహ్నం దాటాక పడమటి ఎండ సూటిగా పడుతుంది, ఆ గోడ కాగి ఆ వేడిని మళ్లీ మొక్కల మీదకే కొడుతుంది. పక్క మడి వాళ్ల వంగ నిలబడి మీది పడిపోవడంలో గోడకూ భాగం ఉంది. మీరు ఏ మూత వాడినా, వాడకపోయినా, నాటిన మొదటి నాలుగైదు రోజులు పడమటి వైపు నీడ కావాలి. మన పల్లెల్లో కొత్తగా నాటిన మొక్క పక్కన తాటాకు ముక్కో కొబ్బరి మట్టో గుచ్చేది దీనికే. సాయంత్రం పూట నాటి, పడమటి వైపు ఒక మట్ట గుచ్చండి. ఖర్చు లేదు, బాటిల్ కంటే వంద రెట్లు మేలు.

ఇక అసలు సంగతి. మూత పెట్టాలా వద్దా అని కాదు, దేన్ని ఆపడానికి పెడుతున్నాం అని అడగాలి. మన ఊళ్లో ఆ జవాబు నెలనెలకూ మారుతుంది.

వానాకాలంలో నారును చంపేది ఎక్కువగా నారుకుళ్లు. మట్టిని ఆనుకున్న చోట కాండం మెత్తబడి మొక్క ఒరిగిపోతుంది. దీనికి మూత పెడితే తేమ నిలిచి తెగులు ఇంకా పెరుగుతుంది. మడిని జానెడు ఎత్తు చేయడం, గింజలు పలచగా చల్లడం, నీళ్లు నిలవకుండా చూడటం దీనికి మందు. తెగులు కనబడితే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడిసేలా పోయండి. వాన చినుకు మట్టిని ఎగజిమ్మి ఆకుల మీద వేయడం ఇంకో బెడద, టమాటా మచ్చ తెగుళ్లు అలాగే పైకి ఎక్కుతాయి. దానికీ బాటిల్ అక్కర్లేదు. మొదట్లో ఎండుటాకులు, గడ్డి పరిస్తే చాలు.

ఇప్పటి నుంచి ఫిబ్రవరి దాకా మనకు కూరగాయలకు బంగారు కాలం. చలికి మూత అవసరమే లేదు. ఆపాల్సింది పక్షుల్ని, సీతాకోకచిలుకల్లా వచ్చి గుడ్లు పెట్టే పురుగుల్ని, రసం పీల్చే చిన్న పురుగుల్ని. దీనికి పనికొచ్చేది గాలి ఆడే తెర. సగం అంగుళం పీవీసీ పైపునో వెదురు బద్దల్నో విల్లులా వంచి, మూడు అడుగులకొకటి గుచ్చి, పాత దోమతెర పరిచి, అంచుల మీద ఇటుకలు పెడితే మడికి సరిపడా గొడుగు తయారవుతుంది. బట్ట చిరిగిన పాత గొడుగు ఉంటే దాని ఊచల మీద దోమతెర కట్టి నేలలో గుచ్చండి, ఒక మిరప మొక్కకు చక్కగా సరిపోతుంది.

ఒక్కటి గుర్తుంచుకోండి. మామూలు దోమతెర పక్షుల్ని, రెక్కల పురుగుల్ని ఆపుతుంది గానీ తెల్లదోమను ఆపలేదు. తెల్లదోమ ఒళ్లు మిల్లీమీటరు దాటదు, ఆ కన్నాల్లోంచి తేలిగ్గా దూరుతుంది. బెండలో పల్లాకు తెగులు, మిరపలో ఆకుముడత వైరస్ మోసుకొచ్చేది అదే. వాటిని ఆపాలంటే 40 మెష్ (అంగుళానికి 40 కన్నాలుండే) నైలాన్ వల కావాలి, విత్తనాలు, ఎరువులు అమ్మే షాపుల్లో అడగండి. మడంతటికీ కొనక్కర్లేదు, నారు పోసుకునే చిన్న జాగాకు కొనండి చాలు. లేత దశలో వైరస్ సోకకపోతే సగం యుద్ధం గెలిచినట్టే. పూత మొదలయ్యాక సొర, బీర, దోస మీద వల ఉంచకండి, తేనెటీగలు రాకపోతే పిందె పడదు. వంగ, టమాటా, మిరపలకు గాలి కదలిక సరిపోతుంది కాబట్టి ఆ ఇబ్బంది అంతగా ఉండదు.

మార్చి వచ్చాక లెక్క మళ్లీ మారుతుంది. అప్పుడు ఎండను తగ్గించే 50 శాతం షేడ్‌నెట్ కావాలి. అది నెత్తిన నాలుగైదు అడుగుల ఎత్తులో ఉండాలి, మొక్కల మీద పరిచేది కాదు.

మరి పోగైన బాటిళ్ల సంగతి? పారేయక్కర్లేదు. పైనా కిందా రెండు వైపులా కోసి, మధ్య భాగాన్ని గొట్టంలా మొక్క చుట్టూ రెండు మూడు అంగుళాలు మట్టిలోకి దించండి. పైన తెరిచి ఉంటుంది కాబట్టి ఉడికిపోదు. నత్తల్ని, రాత్రిపూట వచ్చి మొదలు కొరికే పురుగుల్ని అది బాగా ఆపుతుంది. మట్టిలోకి దిగి ఉంటుంది కాబట్టి మామూలు గాలికి లేవదు. మొక్క జానెడు దాటాక ఆ గొట్టాన్ని కోసి తీసేయండి, ఏడాదిపాటు ఎండలో వదిలేస్తే ప్లాస్టిక్ పెళుసెక్కి ముక్కలై మట్టిలో కలుస్తుంది. కోసిన అడుగు భాగాల మీద మాత్రం కన్నేసి ఉంచండి. చిన్న గిన్నెల్లాంటి ఆ ముక్కల్లో వాననీరు నిలిస్తే డెంగీ దోమకు అంతకంటే మంచి చోటు ఉండదు. గుడ్డు నుంచి దోమ కావడానికి దానికి ఎనిమిది పది రోజులు చాలు. కోసిన రోజే వాటిని పొడి చెత్తలో వేసేయండి. మీ సెక్రటరీగారు 'చెత్త' అన్నప్పుడు ఆవిడ మనసులో ఈ భయం కూడా ఉండి ఉండొచ్చు.

బాటిళ్లు చూడటానికి బాగుండవని మీకే అనిపిస్తే, మేదరులు అల్లే పలచటి వెదురు గంపలు ఇప్పటికీ దొరుకుతున్నాయి. బోర్లించి పైన ఇటుక పెడితే గాలి ఆడుతుంది, నీడా కొంత ఉంటుంది, పక్షి ముట్టదు. బాటిల్‌లా ఉచితం కాదు, కానీ రెండు మూడేళ్లు వస్తాయి, ఎవరూ పేరు పెట్టరు. నాకైతే నాటిన కొత్తలో నాలుగైదు రోజులకు ఇవే నచ్చుతాయి.

ఏది పెట్టినా ఒక నియమం మాత్రం తప్పకూడదు. మన దగ్గర వానలు బాగా కురిసే నెలల్లో అక్టోబరు ముందుంటుంది, తుఫాన్లు డిసెంబరు దాకా వస్తూనే ఉంటాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నాడు ఈ ఊళ్లో ఏమేం ఎగిరిపోయాయో మీకు నేను చెప్పక్కర్లేదు. పోర్టులో ఒకటో నంబరు హెచ్చరిక ఎగరేశారని వార్త రాగానే బాటిల్, గంప, వల, షేడ్‌నెట్ అన్నీ తీసి లోపల పెట్టేయండి. వల కూడా గాలికి తెరచాపలా పనిచేసి పైపులతో సహా లేచిపోతుంది. మొక్కల మొదళ్లకు మట్టి ఎగదోసి, కర్రకు కట్టి, కోతకొచ్చినవి కోసుకోండి. ఆ రాత్రి మొక్క పోతే మళ్లీ నాటుకోవచ్చు.

ఈ మూతల బాధే వద్దనుకుంటే దానికీ దారి ఉంది. గోంగూర, తోటకూర, బచ్చలి, పందిరి చిక్కుడు వేసుకోండి. పెద్దగా కాపలా అడగవు. మీరు కోరుకున్న వంగ, మిరప ఉండవు, ఆ వెలితి మీకు తెలుస్తుంది. మడి పూర్తిగా వదిలేయడం కూడా తప్పేమీ కాదు, ఎదురుచూసే మరో కుటుంబానికి పోతుంది. కానీ మీ ఉత్తరం చదివితే, మీకు మొక్కల మీద విసుగు వచ్చినట్టు లేదు. ఆ ఫొటో వల్ల తల ఎత్తుకోలేక వదిలేద్దామనుకుంటున్నారు. అందుకని వదలాలా వద్దా అన్నది వదినతో మాట్లాడిన తర్వాతే తేల్చుకోండి.

వదిన దగ్గరికి వద్దాం. ఇక్కడ రెండు విషయాలు కలిసిపోయాయి, విడదీయండి. డ్రెయిన్ మూసుకుపోయింది మీ బాటిళ్ల వల్లే. పదిమందికి ఇబ్బంది కలిగింది. సెక్రటరీగా ఆవిడ అడగడం న్యాయం. ఇక మీ తలుపు కొట్టి చెప్పాల్సిన మాటను గ్రూపులో ఫొటోగా పెట్టడం స్నేహితురాలిగా చేయకూడని పని. మీకు నొప్పి కలిగింది దానికి. మీరు రెండోదాని గురించి బాధపడుతూ మొదటిదాని గురించి నోరెత్తకపోతే, ఆవిడ మీకు అసలు తప్పే తెలియలేదనుకుంటారు.

అసోసియేషన్ మీటింగులో లేచి మాట్లాడొచ్చు. అప్పుడు మాట రికార్డులో ఉంటుంది, మిగతా ఎనిమిది కుటుంబాలు మీ వైపు రావచ్చు. కానీ స్నేహం పోయి రెండు పక్షాలు మిగులుతాయి. ఏమీ అనకుండా రోజులు గడిపేయొచ్చు. సంక్రాంతి నాటికి ముగ్గులు వేసుకునేటప్పుడు ఆవిడే పలకరిస్తారేమో, పలకరించకపోతే ఇంకో ఏడాది అలాగే సాగుతుంది. మూడో దారి, మీరే ఆవిడ ఇంటికి వెళ్లడం. వెళితే మాత్రం కూరగాయల సంచి పట్టుకెళ్లకండి. మొదటిసారి చేతిలో సంచి ఉంటే సర్దిచెప్పడానికి వచ్చినట్టుంటుంది. ఖాళీ చేతులతో వెళ్లి, "ఆ రోజు జాలీ మూసుకుపోయింది నా బాటిళ్ల వల్లే వదినా, దానికి ఇలా చేద్దామనుకుంటున్నాను" అని ముందు అది పూర్తిచేయండి. జాలీ మీద వైర్ మెష్ మీ ఖర్చుతో వేయిస్తానని, కోసిన ముక్కలు నేల మీద ఉండవని, తుఫాను హెచ్చరిక రాగానే మూతలు తీసేస్తామని తొమ్మిది కుటుంబాల తరఫున ఒక కాగితం రాసి ఇవ్వండి. ఆ తర్వాత ఫొటో సంగతి ఒక్కసారి, ఒక్క వాక్యంలో చెప్పండి: "నాకే చెప్పి ఉంటే బాగుండేది, చాలా బాధపడ్డాను." మళ్లీ ఎత్తకండి. ఆవిడ ఆ రోజే మెత్తబడకపోవచ్చు. అయినా సరే, మీ వైపు నుంచి చేయాల్సింది అయిపోతుంది, మడుల రద్దు మాట కూడా చాలావరకు చల్లబడుతుంది.

మీ ఆయన లెక్కలో తప్పు లేదు, డబ్బుతో చూస్తే రైతుబజారే చవక. ఆయనతో వాదించకండి. మెయింటెనెన్స్‌లో ముప్ఫై ఏళ్లు పనిచేసిన మనిషికి ఆ పైపులు ఎక్కడ వంచాలో, గాలికి ఎలా నిలబెట్టాలో మీకంటే, నాకంటే బాగా తెలుసు. అడిగి చూడండి. కాదంటే వాచ్‌మన్ సాయం చాలు.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టింది పక్కింటి వంగ మొక్కల సంగతి. అమ్మాయి నొచ్చుకోకూడదనే చేశారు, అది తెలుస్తోంది. చెప్పకుండా సంక్రాంతి దాకా నెట్టుకురావచ్చు. కానీ ఆమె వచ్చి, అపార్ట్‌మెంట్ వెనక మడి దగ్గరికి వెళ్లి చూస్తుంది. అప్పుడు నారు చచ్చిపోయినందుకు కాదు, ఇన్ని వారాలు తనతో దాచినందుకు నొచ్చుకుంటుంది. తనవల్లే మీరు అందరి ముందూ మాట పడ్డారని కూడా అనుకుంటుంది. మీరు ఈ ఆదివారమే చెప్పేస్తే పది నిమిషాలు ఇబ్బందిగా ఉంటుంది. తర్వాత ఆమె తప్పకుండా "ఎందుకు చచ్చిపోయాయి?" అని అడుగుతుంది. మీ దగ్గర ఇప్పుడు జవాబుంది. ఆమెకూ ఇది పనికొస్తుంది, ఇంగ్లండ్‌లో జూన్, జులై ఎండల్లో బిరడా తీయకపోతే అక్కడా మొక్క వాడిపోతుంది. దేశం దాటి వెళ్లిన పిల్లలు అమ్మకు ఏదైనా నేర్పితే పొంగిపోతారు. అమ్మ దగ్గర నేర్చుకునేది ఇంకా మిగిలి ఉందని తెలిస్తే అంతకన్నా ఎక్కువ పొంగిపోతారు. ముందు ఫెయిలైన మొక్కల్నే చూపించండి, ఆ తర్వాత కొత్త నారు మడిని చూపించండి.

ఆ నారు ఈ వారమే పోసుకోవాలి. టమాటా, వంగ నాటుకు రావడానికి నాలుగైదు వారాలు, మిరపకు ఇంకో వారం పడుతుంది. అమ్మాయి వచ్చేసరికి అవి కాయకపోయినా నిలదొక్కుకుని ఉంటాయి. పండక్కి కోసి వండగలిగేది కావాలంటే డిసెంబరు మొదట్లో ఒక మూల మెంతులు చల్లండి, నెలలోపే కోతకొస్తాయి. గింజలు పిట్టలు ఏరకుండా కొబ్బరి మట్ట కప్పి, మొలక కనబడిన రోజే తీసేయండి. దానికి ఇంకే మూతా అక్కర్లేదు.